లోపలి ఫోర్‌స్టే కోసం డెక్‌కు బలం: పని డైరీ

పడవ పొడవు 10 మీటర్లు. అడుగు భాగమంతా గట్టి ఫైబర్‌గ్లాస్. డెక్ మాత్రం రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి కట్టినది: పైపొర 3 మి.మీ., బాల్సా 12 మి.మీ., కిందిపొర 2 మి.మీ. గాలి ముదిరినప్పుడు ముందున్న పెద్ద జిబ్‌ను (ముందు తెరచాపను) చుట్టేసి, దాని వెనుక చిన్న తెరచాప ఎత్తడానికి మాస్ట్ (తెరచాప స్తంభం) నుంచి ముందు డెక్‌కు దిగే ఇంకో స్టే తీగ కావాలి. లోపలి ఫోర్‌స్టే అంటే అదే. ఆ తీగ కింది కొసను డెక్ దగ్గర పట్టి ఉంచడమే ఇక్కడి పని.

అడిగిన వాళ్లంతా ఒకే మాట చెప్పారు: డెక్ కింద పెద్ద ప్లేటు వేసి బిగించు, చాలు. చాలదు. ఎందుకు చాలదో కొలతలతో సహా కింద రాశాను. తొందర ఉన్నవాళ్లు దశ 3 చివరి కొలతలు, దశ 5 చదివితే సరిపోతుంది.

ముందుగా లెక్కలు

కొత్త స్టే 6 మి.మీ. తీగ, 316 స్టెయిన్‌లెస్, 19 పోగులది. దాదాపు మూడు టన్నుల దగ్గర తెగుతుంది. తెగితే తీగే తెగాలి గాని దాని కిందిది ఏదీ ఊడిరాకూడదు. అందుకే ఫిట్టింగ్ (తీగను డెక్ దగ్గర పట్టే లోహం), బోల్టులు, రాడ్ (ఫిట్టింగ్ నుంచి కిందికి దిగే కడ్డీ), బ్రాకెట్ (రాడ్ కింది కొసను పడవ అడుగుకు పట్టేది) అన్నిటికీ నాలుగు టన్నుల లెక్క పెట్టుకున్నాను. తీగను బిగించి ఉంచే లాగుడు తెగే బలంలో 15 శాతం అనుకుంటే 450 కిలోలు. పరీక్షల్లో వాడిన బరువు అదే.

ఫిట్టింగ్ ఎక్కడ అన్నది కంటికి నచ్చిన చోట తేల్చే సంగతి కాదు. మాస్ట్ కొన డెక్‌కు 12.5 మీటర్ల ఎత్తున ఉంది. ముందు స్టే మొదలు మాస్ట్‌కు 3.7 మీటర్ల దూరం. అంటే ముందు స్టే వాలు 73.5 డిగ్రీలు. కొత్తది దానికి సమాంతరంగా ఉండాలి. డెక్ కింద అదే గీతను పొడిగిస్తే ప్రతి 100 మి.మీ. లోతుకు 30 మి.మీ. ముందుకు పోతుంది. లంగరు గదికి వెనుక గోడగా ఉన్న బల్క్‌హెడ్ ముక్కు నుంచి 900 మి.మీ. దూరంలో ఉంది. ఫిట్టింగ్‌ను ఆ గోడకు దగ్గరగా పెడితే కింది రాడ్ సగం లోతులోనే వెళ్లి గోడకు గుద్దుకుంటుంది. 320 మి.మీ. వెనక్కి జరిపితే గీత సరిగ్గా గోడ, పడవ అడుగు కలిసే మూలకు చేరుతుంది. పడవలో ఆ చివరన అంత గట్టి చోటు మరొకటి లేదు. కనుక ఫిట్టింగ్ స్థానం ముక్కు నుంచి 1,220 మి.మీ.

ఆ వాలున తీగ మాస్ట్‌ను 8.4 మీటర్ల ఎత్తులో తాకుతుంది. అక్కడ మాస్ట్‌ను వెనక్కి పట్టే రన్నింగ్ బ్యాక్‌స్టేలు లేకపోతే మధ్యభాగం ముందుకు వంగుతుంది. వాటి పని వేరు. ఈ డైరీ డెక్ వరకే.

దశ 0: ఉన్న డెక్ ఎంత లేస్తుంది?

మరమ్మతు మొదలుపెట్టకముందే ఈ కొలత తీసుకోవాలి. తర్వాత ఎంత బాగు చేసినా పోల్చడానికి ఇంకేమీ ఉండదు.

1. ఫిట్టింగ్ రావలసిన చోట 12 మి.మీ. ఐబోల్టు, కింద 150 × 150 మి.మీ. ప్లైవుడ్ ముక్క, పెద్ద వాషర్, నట్టు.
2. పడవ రెండు అంచుల మీద ఆనేలా అడ్డంగా ఒక చదరపు అల్యూమినియం గొట్టం. దానికి డయల్ గేజ్ బిగించి, ముల్లు డెక్‌ను తాకేలా పెట్టడం. గేజ్ స్టాండును డెక్ మీదే పెడితే డెక్‌తో పాటు అదీ లేస్తుంది, కొలత అబద్ధం చెబుతుంది.
3. మాస్ట్ కొన నుంచి వచ్చే స్పిన్నకర్ హాలియార్డ్ మోకు (తెరచాప ఎత్తే తాడు), మధ్యలో రెండు టన్నుల వేలాడే డిజిటల్ త్రాసు, వించ్‌తో లాగుడు. మాస్ట్ ముందుకు రాకుండా బ్యాక్‌స్టే బిగువుగా ఉండాలి.

ఫలితం: 300 కిలోల దగ్గర డెక్ 4.6 మి.మీ. లేచింది. 250 దాటినప్పటి నుంచి లోపల చిటపట చప్పుళ్లు. వదిలేశాక కూడా 0.7 మి.మీ. ఎత్తు మిగిలిపోయింది. 450 వరకు వెళ్లలేదు.

తిరిగి రాని ఆ 0.7 మి.మీ. చూశాక స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డెక్ అంతా తట్టి చూశాను. మంచి చోట చప్పుడు ఖంగుమంటుంది. ఫిట్టింగ్ చోటు నుంచి ఎడమవైపు పాత క్లీట్ (మోకు కట్టే కొక్కెం) దాకా మాత్రం మొద్దు చప్పుడే.

దశ 1: కింది నుంచి తెరవడం

పైనుంచి తెరిస్తే పొరలు వేయడం సుఖం, భూమ్యాకర్షణ మన పక్షాన ఉంటుంది. కాని డెక్ మీది జారకుండా పోసిన అచ్చు గరుకును మళ్లీ అతుకు కనబడకుండా తేవడం దాదాపు అసాధ్యం. పైగా పైపొర తెగకుండా ఉంటే బలం కూడా మిగులుతుంది. అందుకే కింది నుంచి, మెడ వెనక్కి విరుచుకుని పనిచేశాను.

సాధనాలు: కంపించే బ్లేడున్న మల్టీటూల్, 25 మి.మీ. ఉలి, గ్రైండర్‌కు 40 నంబరు గరుకు బిళ్ల, వాక్యూమ్, ముఖానికి కార్ట్రిడ్జ్ మాస్క్. మూసిన గదిలో గాజు ధూళి రేగుతుంది; మామూలు గుడ్డ మాస్క్ పనికిరాదు.

మొదట గీసుకున్నది 300 × 350 మి.మీ. కిందిపొర ఊడదీయగానే ఎడమ అంచున బాల్సా నల్లగా ముద్దయి కనిపించింది. ఉలి మోపితే చాలు, దానంతటదే విడిపోతోంది. పాత క్లీట్ బోల్టు బెజ్జాలకు సీలెంట్ ఎప్పుడో ఎండి చీలింది. బాల్సా నిలువు పోగు దిశలో నీటిని త్వరగా పీలుస్తుంది గాని పక్కలకు అంత తేలికగా పాకనివ్వదు అంటారు. నిజమే. అయినా ఏళ్ల తరబడి సమయం దొరికితే పక్కలకూ పాకుతుంది. పొడి చెక్క తగిలేవరకు కోస్తూ పోతే గుంట 400 × 450 మి.మీ. అయింది.

తీసిన బాల్సాను తూచాను: 0.9 కిలో. ఆరబెట్టి మళ్లీ తూస్తే 0.33. అంటే అరకిలోకు మించి నీళ్లు.

గుంట అంచుల్లో మిగిలిన చెక్కను ఫ్యానుతో, హీట్ ల్యాంపుతో ఆరబెట్టాను. చేయి పెట్టి ఉంచగలిగిన వేడి దాటనివ్వలేదు. అంతకు మించితే పైపొర రెసిన్ మెత్తబడి డెక్ వంకర తిరగవచ్చు. తేమ మీటరు అంకె వరుసగా మూడు పూటలు కదలకపోయాకే తర్వాతి పని.

చివరగా కిందిపొర అంచును చుట్టూ వాలుగా గీకాను. పొర మందానికి 12 రెట్ల వెడల్పు వాలు ఉండాలన్నది అతుకుల లెక్క. 2 మి.మీ. పొరకు 24 చాలు, 30 మి.మీ. ఇచ్చాను.

ఇప్పటివరకు: తీసిన బరువు 1.5 కిలోలు (బాల్సా 0.9, కిందిపొర 0.6). నికరం −1.5.

దశ 2: చెక్క స్థానంలో గట్టి పలక

బోల్టులు పడే మధ్యభాగానికి 300 × 250 మి.మీ., 12 మి.మీ. మందం జీ10 పలక. గాజు బట్ట, ఎపాక్సీ (గట్టిపడే రెసిన్) కలిపి ఒత్తిన పలక ఇది. కుళ్లదు, బోల్టు ఎంత బిగించినా నలగదు. బాల్సాలో అయితే ప్రతి బోల్టుకూ పెద్ద బెజ్జం వేసి, ఎపాక్సీ నింపి, మళ్లీ దానిలో తొలవాలి. ఇక్కడ ఆ శ్రమ లేదు. పలక చుట్టూ మిగిలిన చోట గట్టి ఫోమ్ పట్టీలు.

1. పలకకు 60 మి.మీ. దూరాన ఒకటి చొప్పున 5 మి.మీ. బెజ్జాలు. గాలి, మిగులు ఎపాక్సీ ముద్ద బయటికి రావడానికి.
2. రెండు ముఖాలూ 80 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేవరకు రుద్ది, అసిటోన్‌తో తుడవడం.
3. పైపొర అడుగుకు ముందు పల్చటి ఎపాక్సీ పూత, దానిపై సిలికా కలిపిన చిక్కటి ముద్దను గాడుల తాపీతో పరచడం.
4. పలకను ఒత్తి, కింద బంకు (పడక) నుంచి చెక్క ఊతలతో బిగించడం. బెజ్జాలన్నిటి నుంచి ముద్ద తొంగిచూడాలి.

రెండు చోట్ల దెబ్బ తగిలింది. ఒకే కప్పులో ఎక్కువ ఎపాక్సీ కలిపితే అది తన వేడికి తానే ఉడుకుతుంది. 200 గ్రాముల కప్పు వాడేలోపే పొగలు కక్కి గడ్డకట్టింది. ఆ తర్వాత కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోశాను, వాడుకునే సమయం బాగా పెరిగింది.

రెండోది, ఆరాక తట్టి చూస్తే పలక కుడి వెనుక మూలలో మళ్లీ మొద్దు చప్పుడు. అక్కడ రెండు 4 మి.మీ. బెజ్జాలు వేసి, ఒకదాని నుంచి సిరంజితో పల్చటి ఎపాక్సీ ఎక్కించాను. రెండోదాని నుంచి కారేవరకు ఆపలేదు. లోపల ఎంత ఖాళీ ఉందో సిరంజి గీతలే చెప్పాయి: 18 మి.లీ.

ఇప్పటివరకు: కలిపినవి పలక 1.7, ఫోమ్ 0.2, ముద్ద 0.7 కిలో. నికరం +1.1. ఖర్చయిన ఎపాక్సీ, పొగచూరిన కప్పుతో సహా, 0.8 కిలో.

దశ 3: కిందిపొర మళ్లీ కట్టడం

బట్ట చదరపు మీటరుకు 600 గ్రాముల బయాక్సియల్, పోగులు 45 డిగ్రీల మీద అటూ ఇటూ కుట్టినది. పొడి పీచుల చాప్డ్ మ్యాట్ వద్దు: ఆ పీచులను పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్ రెసిన్‌లోని స్టైరీన్‌లో కరగడానికి చేసినది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, జిగురు కరగక మ్యాట్ బిరుసుగానే ఉండిపోతుంది.

ఆరు పొరలు. పెద్దది ముందు, చిన్నది చివర. మొదటిది వాలంతా కప్పుతుంది, తర్వాతివి ఒక్కొక్కటి అంచున 15 మి.మీ. లోపలికి.

తడిపిన మొదటి బట్టను నెత్తి మీదికి ఎత్తి అంటించాను. మధ్యలో నిలిచింది, అంచులు నిలవలేదు. ఒక మూల జారింది, దాని బరువుకు మిగతాది ఊడి బంకు మీద పడింది. బట్టలో రెసిన్ ఎక్కువైంది, పైన అంటుకునే పూత లేదు. మార్చిన పద్ధతి ఇది:

1. డెక్ అడుగుకు చిక్కటి ఎపాక్సీ పూత. వేలు పెడితే ముద్ర పడాలి, వేలికి అంటకూడదు, అంతవరకు ఆగడం.
2. బట్టను బల్ల మీద ప్లాస్టిక్ కాగితంపై తడిపి, మిగులు రెసిన్‌ను రబ్బరు పట్టీతో లాగేయడం.
3. కాగితంతో సహా అట్ట గొట్టానికి చుట్టి, ఒక అంచు నుంచి విప్పుతూ అంటించడం. గాడుల రోలర్‌తో ఒత్తాక కాగితం ఒలవడం.
4. ఒకసారికి రెండు పొరలే. అవి బిగుసుకోవడం మొదలయ్యాక తర్వాతి రెండు.
5. చివర పీల్ ప్లై బట్ట. ఎండాక ఒలిచేస్తే గరుకు ముఖం సిద్ధం.

పీల్ ప్లై చాలక మిగిలిపోయిన ఒక అంచున మర్నాటికి మైనం లాంటి జిడ్డు తేలింది. దాన్ని నేరుగా గరుకు కాగితంతో రుద్దితే జిడ్డు గీతల్లోకి దూరుతుంది. ముందు మంచినీళ్లు, రుద్దే మెత్త, ఆరాకే కాగితం.

గట్టిపడ్డాక అదే గొట్టం, అదే గేజ్, అదే లాగుడు, అడుగున 5 మి.మీ. స్టీలు ప్లేటు:

- 300 కిలోలకు 2.1 మి.మీ.
- 450 కిలోలకు 3.2 మి.మీ.
- చప్పుళ్లు లేవు, వదిలితే సున్నాకే తిరిగివచ్చింది.

పెద్ద ప్లేటు సలహా ఇక్కడే ఓడిపోయింది. డెక్ నలగడం ఆగింది, విరిగే భయం పోయింది. కాని ఒక అంచు నుంచి ఇంకో అంచుకు 1.3 మీటర్ల వెడల్పున్న పలక మధ్యలో పట్టి లాగితే అది వంగక తప్పదు. మధ్యభాగాన్ని ఎంత గట్టి చేసినా వంపు దాని చుట్టూ ఉన్న పాత డెక్‌లోకి జరుగుతుంది. డెక్ మూడు మి.మీ. లేస్తే తీగ అంత వదులవుతుంది, తెరచాప ముందంచు కుంగుతుంది. ప్రతి అలకూ ఆ లేవడం, దిగడం జరుగుతుంటే ఏదో ఒక రోజు పగుళ్లు తప్పవు. ప్లేటు లాగుడును పంచుతుంది, మోయదు. మోయవలసింది పడవ అడుగు.

ఇప్పటివరకు: పొర 1.8 కిలోలు. నికరం +2.9. ఎపాక్సీ, ఊడిపడిన బట్టతో సహా, 2.0 కిలోలు.

దశ 4: కింది మూలలో బ్రాకెట్

ముక్కోణపు బ్రాకెట్: 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్, గోడ వెంట 450 మి.మీ. ఎత్తు, అడుగు వెంట 300 మి.మీ. గోడ వైపు కావాలనే పొడవు పెట్టాను. రాడ్ లాగుడు దాదాపు గోడకు సమాంతరంగా పైకి ఉంటుంది. అడుగుకు అతికిన పొరలను అది ఒలవడానికి చూస్తుంది. గోడకు అతికిన పొరలను మాత్రం వాటి వెంటే జార్చడానికి చూస్తుంది. ఫైబర్‌గ్లాస్ అతుకు ఒలుపుకు లొంగినంత తేలికగా జారుడుకు లొంగదు.

రాడ్‌ను బ్రాకెట్‌కు పట్టే లోహపు పట్టీల బోల్టులు ప్లైవుడ్‌ను ఎంతవరకు నలపవు? అదే చెక్క తుండు మీద ఒక 10 మి.మీ. బోల్టు పెట్టి, జాకీతో లాగి చూశాను. 850 కిలోలకు బెజ్జం కోడిగుడ్డు ఆకారమైంది. ఇంకో తుండులో 22 మి.మీ. బెజ్జం వేసి, తరిగిన గాజు పీచు కలిపిన ఎపాక్సీ నింపి, దాని మధ్య 10 మి.మీ. తొలిచాను. 1,200 కిలోల దాకా కంటికి కనిపించే మార్పు లేదు. నాలుగు బోల్టులకు 4.8 టన్నులు. మూడు బోల్టుల ఆలోచన నాలుగుకు మారింది, బెజ్జాలన్నీ రెండో పద్ధతిలోనే.

గీత సరిచూడడానికి లేజర్ కన్నా దారం మేలు. ఫిట్టింగ్ మధ్యబిందువు దగ్గర 3 మి.మీ. బెజ్జం వేసి, మాస్ట్ మీది 8.4 మీటర్ల గుర్తు నుంచి దారాన్ని ఆ బెజ్జం గుండా కింది మూలకు లాగి కట్టాను. దారం బెజ్జంలో ఏ అంచునూ తాకకూడదు. నాకు ముందు అంచును తాకింది. బ్రాకెట్ పట్టీల గుర్తును 15 మి.మీ. వెనక్కి జరిపితే దారం మధ్యకు వచ్చింది. ఈ 15 మి.మీ. వదిలేసి ఉంటే లాగుడు పడిన ప్రతిసారీ రాడ్ కొస పక్కకు వంగేది. మర మొదట్లోనే విరిగే రాడ్లు చాలావరకు అలాంటివే.

1. బ్రాకెట్ అడుగు అంచుకూ పడవ అడుగుకూ మధ్య 10 మి.మీ. ఫోమ్ పట్టీ. చెక్క అంచు నేరుగా ఆనితే పడవ చర్మంలో ఆ గీత వెంట పగులు వస్తుంది.
2. మూలల్లో చిక్కటి ముద్దతో 15 మి.మీ. వ్యాసార్థం గుండ్రటి పూడిక. బట్ట పదును మూల తిరగదు, గాలి మిగిలిపోతుంది.
3. రెండు వైపులా నాలుగేసి పొరలు, గోడ మీదికీ అడుగు మీదికీ 60, 90, 120, 150 మి.మీ. చొప్పున.
4. అతికే చోట పాత రంగు పూర్తిగా గీకి ఫైబర్‌గ్లాస్ కనిపించేవరకు. రంగు మీద అతికితే అతుకు బలం రంగు బలమే.

ఇప్పటివరకు: చెక్క 0.8, పొరలు, పూడిక 1.6 కిలోలు. నికరం +5.3. ఎపాక్సీ 2.9 కిలోలు.

దశ 5: లోహం

పైన కన్నున్న ప్లేటు, కింద కన్నున్న 5 మి.మీ. ప్లేటు, మధ్యలో డెక్. నాలుగు ఎం10 బోల్టులు మూటినీ కలిపి పట్టుకుంటాయి. రెండు కన్నులూ స్టే వాలుకే వంచి వెల్డు చేయించినవి. కింది కన్ను నుంచి 12 మి.మీ. రాడ్, దాని చివర బ్రాకెట్‌కు రెండు వైపులా 6 మి.మీ. పట్టీలు, వాటి మధ్య పిన్ను. అన్నీ 316 రకమే.

రాడ్ 10 మి.మీ. చాలదా అనిపిస్తుంది. బలం లెక్కపెట్టవలసింది మర తీసిన చోట. ఎం10 మర దగ్గర మిగిలే లోహం 58 చదరపు మి.మీ., మామూలు 316 రాడ్‌లో దాదాపు మూడు టన్నులు. అంటే తీగతో సమానం. ఎం12లో 84 చదరపు మి.మీ., నాలుగు టన్నులు దాటుతుంది.

బోల్టులు బిగించే వరుస:

1. డెక్ బెజ్జాల పై అంచును కౌంటర్‌సింక్ బిట్టుతో 2 మి.మీ. వాలుగా తీయడం. సీలెంట్ ఉంగరంలా నిలవడానికి చోటు.
2. బోల్టు మెడ చుట్టూ బ్యూటైల్ టేపు ముద్ద, ప్లేటు కింద పల్చటి పొర.
3. మరలకు పట్టేయకుండా కాపాడే పేస్టు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ పొడిగా బిగిస్తే మధ్యలోనే అతుక్కుపోతుంది, తర్వాత కోయడమే.
4. పైన బోల్టు తలను పానాతో కదలకుండా పట్టి, కింద నట్టునే తిప్పడం. బోల్టు తిరిగితే బ్యూటైల్ చిరుగుతుంది.
5. కొంచెం బిగించి ఆగి, బ్యూటైల్ పక్కలకు పొంగాక మళ్లీ కొంచెం.

నీటి పరీక్ష: ఫిట్టింగ్ చుట్టూ మెత్తటి పుట్టీతో గట్టు కట్టి, నీళ్లు నింపి రాత్రంతా ఉంచాను. కింద నట్ల చుట్టూ కట్టిన టిష్యూ కాగితం తెల్లారేసరికి పొడిగానే ఉంది.

లాగుడు పరీక్ష మొదట నిరాశపరిచింది. 450 కిలోలకు 1.7 మి.మీ. లెక్క ప్రకారం ఆ బరువుకు 660 మి.మీ. రాడ్ సాగేది 0.13 మి.మీ. మాత్రమే. మిగతాది ఎక్కడిది? రెండు చివర్లా పిన్నులకూ బెజ్జాలకూ మధ్య ఉన్న సందులది. ఆ సందు పూర్తయ్యేవరకు డెక్ ఒంటరిగానే మోస్తోంది.

రాడ్‌కు ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర. ఎం12 మర దూరం 1.75 మి.మీ. కనుక ఒక చుట్టుకు 3.5 మి.మీ. బిగుస్తుంది. రాడ్ చివర్ల ఫోర్కుల్లో (పిన్ను పట్టే రెండు చీలికల్లో) ఊగులాట పోయేవరకు చేత్తో తిప్పి, ఆపై పానాతో చుట్టులో మూడోవంతు. డెక్ ఒక మి.మీ.కు పైగా కిందికి దిగింది. అంటే సుమారు 150 కిలోల ముందస్తు లాగుడు. తర్వాత లాక్ నట్లు.

- 300 కిలోలకు 0.3 మి.మీ.
- 450 కిలోలకు 0.5 మి.మీ.
- బ్రాకెట్ పక్కన గోడ మీద గీసిన పెన్సిలు గీతల్లో కదలిక లేదు.

3.2 నుంచి 0.5కు దించింది అరకిలోకు కాస్త ఎక్కువ బరువున్న ఒక్క రాడ్.

ఇప్పటివరకు: రాడ్ 0.6, ఫోర్కులు, పిన్నులు 0.5, పట్టీలు, వాటి బోల్టులు 1.1, డెక్ ప్లేటు, బోల్టులు 1.3, కింది ప్లేటు 0.6 కిలోలు. నికరం +9.4. పడవ ముక్కున బరువు పెరగడం ఎవరికీ ఇష్టం ఉండదు. లంగరు గొలుసును కొన్ని మీటర్లు తగ్గిస్తే సరిపోయే బరువు ఇది.

మిగిలినవి

రాడ్ ముందు గది బంకు మధ్యగా పోతుంది, కాళ్లు చాపుకునే చోటు పోయింది. అందుకే పై పిన్ను తీస్తే ఊడివచ్చేలా ఉంచాను. తీసినప్పుడు డెక్ మీది కన్నుకు ఎర్ర గుడ్డ కడుతున్నాను, రాడ్ లేకుండా ఎవరూ తీగ బిగించకుండా.

గాలిలో మొదటిసారి వాడాక చూడవలసినవి, ఈ వరుసలో: నట్ల దగ్గర బ్యూటైల్ సర్దుకుని వదులైందా, బ్రాకెట్ పూడికల్లో తెల్లటి గీతలు పడ్డాయా, బల్క్‌హెడ్ పక్క అతుకులు ఎక్కడైనా లేచాయా. మూడోదాన్ని మాత్రం లాంతరు అడ్డంగా పట్టి చూడాలి. నేరుగా వెలుతురు వేస్తే లేచిన అంచు కనబడదు. తర్వాత గేజ్ మళ్లీ కట్టి 450 దగ్గర అంకె చూడాలి. 0.8 దాటితే రాడ్ విప్పి పిన్నులు కొలవాలి.